అన్నకు అందని మందు

కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ ఎత్తు 1,672 మీటర్లు. ఎక్కుతుంటే ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. కండరాలకు ఆక్సిజన్ అందించడానికి ఊపిరితిత్తులు, గుండె వేగం పెంచుతాయి. రక్తహీనత ఉంటే కొద్ది దూరం నడిచినా ఇదే పరిస్థితి. గాలి ఉంటుంది, ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ చాలదు. ఆ లోటు పూడ్చడానికి గుండె మరింత శ్రమిస్తుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే అలిసిపోతుంది.

ఆ భారం తగ్గించే ఒక మందు వెనుక యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక రక్తం తగ్గిపోయే జబ్బు అది. అప్పట్లో సరైన మందు లేదు.

మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. ఎర్ర రక్తకణాలు ఏర్పడడానికి ఈ విటమిన్ తప్పనిసరి. స్ప్రూ రోగుల రక్తహీనతకూ ఇది పనిచేసింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. అందులో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి. అందుకే ఆ రోగులకు వైద్యులు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. పిల్లలూ, బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేదీ అదే. ఆ మాత్రను పారేయకండి.