మన మందులపెట్టెలో మనవాడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలు పేరు వినని ఇల్లు మన గోదావరి డెల్టాలో లేదంటే అతిశయోక్తి కాదు. ఏలూరు వీధుల్లోనూ, కొల్లేటి చుట్టూ ఉన్న లంకల్లోనూ, భీమవరం కాలవగట్ల మీదా రోకలిబండలాంటి కాలు ఈడ్చుకుంటూ నడిచే మనుషుల్ని మన తాతల తరం నిత్యం చూసింది. మా నల్లజర్ల మెట్ట ప్రాంతం. అయినా పల్లంలో చుట్టాలు లేని ఇల్లు మా వైపు ఉండదు గనక ఆ బాధ మాకూ తెలిసినదే. మురుగునీటిలో పెరిగే దోమ మోసుకొచ్చే సన్నని పురుగు ఈ జబ్బుకి మూలం. ఆ పురుగు పిల్లల్ని మనిషి రక్తంలోనే మట్టుపెట్టే మాత్రను లోకానికి ఇచ్చిన పరిశోధక బృందానికి నాయకుడు ఆ కాలవగట్ల భీమవరంలోనే పుట్టాడని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. చదువులో చిన్నప్పుడు మెరిసిన మనిషి కాదు. ఇల్లు వదిలి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బాగుపడదామని బయలుదేరితే తల్లి వెనక్కి తెప్పించిందని చెబుతారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కింది. తండ్రి పోయాడు. ఇల్లు గడవడమే కష్టమైనా, చదువు మానవద్దని పట్టుబట్టింది ఆ తల్లి. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠం వైపు మనసు లాగింది. చివరికి వైద్యమే సేవ అనుకుని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అవి స్వరాజ్య ఉద్యమం రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకు వెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసరుకి కన్నెర్రయింది. మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఖద్దరు మాత్రం విడవలేదు.

ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలై, రక్తం తగ్గి మనిషి ఎండిపోయే జబ్బది. మనవాళ్ళు గ్రహణి అంటారు. తర్వాత ఆయనకీ అదే వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు. ఈ జబ్బుకి మూలం ఏమిటి, మందు ఏమిటి అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదలలేదు.

మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతోనూ 1920ల మొదట్లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. మన పట్టా అక్కడ డాక్టరుగా పనిచేయడానికి చాల్లేదు. పగలు హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఆ డిప్లొమా అయ్యాక అక్కడి బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

1925లో ఫిస్క్, సుబ్బారావుల పేరుమీద ఒక పద్ధతి వెలువడింది. రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్నిబట్టి లెక్కగట్టడం. బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ఆ జంటపేరుతోనే దాన్ని నేర్చుకుంటారు. అదే పనిముట్టుతో కండరాన్ని పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏ.టి.పి.నీ వెలికితీశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనిపెట్టాడు. ఏ.టి.పి. అంటే ఏమిటో రైతుబిడ్డలకి చెప్పడం తేలికే. గాదెలో ధాన్యం ఎంతున్నా సంతకి వెళ్ళేటప్పుడు చేతిలో రొక్కం ఉండాలి గదా! మనం తిన్న అన్నం గాదెలో ధాన్యం. కండరం కదలాలంటే చెల్లించే రొక్కం ఏ.టి.పి. ఇంత పని చేసినా హార్వర్డు ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆకుకూరల్లోనూ, కాలేయంలోనూ ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఒక రకం రక్తహీనతకే కాదు, స్ప్రూ జబ్బుకీ అది మందు! తోడబుట్టినవాళ్ళను మింగిన జబ్బుకి మందు పాతికేళ్ళ తర్వాత సుబ్బారావు గారి ప్రయోగశాలలోనే తయారైంది. ఈనాడు మన పల్లెల్లో గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.

అంతటితో ఆగలేదు. వరిచేలో ఊద ఎలా ఉంటుందో మనకి తెలుసు. అచ్చం వరిలాగే ఉండి ఎరువంతా తింటుంది, గింజ మాత్రం ఇవ్వదు. అలాగే ఫోలిక్ ఆమ్లంలా కనబడుతూ దాని పని చేయని పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. క్యాన్సరు కణం దాన్ని అసలైనదనుకుని పుచ్చుకుని పెరగలేక పడిపోతుంది. 1947లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్తపు క్యాన్సరు పిల్లలకి ఇస్తే, కొంతకాలమే అయినా జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు ఆశ అన్నదే లేదు. ఆ వంశంలోని మెథోట్రెక్సేట్ క్యాన్సరుకీ, కీళ్ళవాతానికీ నేటికీ వాడుతున్నారు.

డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త డగ్గర్‌ను ప్రోత్సహించి మట్టి నమూనాల్లో వెతికించగా ఆరియోమైసిన్ దొరికింది. 1948లో లోకానికి వెల్లడైన ఈ మందు టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు అలజడి రేగినప్పుడు జనం పరుగులెత్తింది ఆ జాతి మందుల కోసమే. ఇక 1947లో వచ్చిన హెట్రజాన్, అదే డి.ఇ.సి. మాత్ర, మన బోదకాలు మందు.

ఇంత చేసిన మనిషి 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. యాభైమూడేళ్ళు. పెళ్ళయిన కొద్ది ఏళ్ళకే విడిచివెళ్ళిన భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. కొడుకు పుట్టి ఏడాదైనా నిండకుండా పోయాడు, ఆ మొహమూ చూడలేదు. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు కలిగినా ఆయన భారతీయుడిగానే ఉండిపోయారు. పరిశోధన బయటికి వచ్చేటప్పుడు తోటివాళ్ళను ముందుకి తోసి తాను వెనక నిలబడేవారు. అందుకే మందులు ఇంటింటికీ చేరినా పేరు చేరలేదు. మన ప్రభుత్వం 1995లో, శతజయంతి ఏట, ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వేసింది.

మిత్రులారా! విగ్రహాలూ, దండలూ మంచివే. కాని ఆయనకి మనం పడ్డ బాకీ దండతో తీరదు. బోదకాలు మిగిలిన జిల్లాల్లో 2004 నుంచి ప్రభుత్వం డి.ఇ.సి. మాత్రలను ఊరందరికీ పంచే పద్ధతి పెట్టింది. మాత్రలు అందుకుని, ఇచ్చినమ్మ గుమ్మం దిగగానే చూరులో దోపేసేవాళ్ళు మన ఇళ్ళలో లేరా? జబ్బు లేనివాడికి మందెందుకని అడుగుతారు. పురుగు ఒంట్లో ఉన్నా ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనపడదు. వాపు ముదిరాక పాత కాలు మళ్ళీ రాదు. మింగితే జ్వరం, వికారం వస్తాయని భయపడతారు. చాలావరకు అవి రక్తంలో పురుగుపిల్లలు చస్తున్నందుకు గుర్తు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. గర్భిణీలూ, రెండేళ్ళ లోపు పిల్లలూ, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళూ మింగకూడదు. మిగతా అందరూ అన్నం తిన్నాక మింగాలి.

మందు కనిపెట్టడం ఒక మనిషి, ఒక బృందం చేసే పని. దాన్ని మింగించడం ఊళ్ళో నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాడి పని. సైన్సు చదివే మనం సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకీ, నాయనమ్మకీ, పక్కింటి బాబాయికీ ఈ సంగతి విడమరిచి చెప్పగలిగితే, భీమవరంలో పుట్టిన ఆ మనిషి పడ్డ శ్రమ భీమవరం దారి పట్టినట్టే.