వాన లెక్క తెలిసిన మహనీయుడు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది తూర్పు దిశగా ప్రవహిస్తూ, దారిపొడవునా వాననీటిని కలుపుకొని గండిపేట జలాశయాన్ని చేరుతుంది. ఆ జలాశయానికి చేరువలో ఉన్న గ్రామాలలో జన్వాడ ఒకటి. అక్కడి పొలాలలో కురిసిన వానలో ఎంత నేలలో ఇంకుతుంది, ఎంత వాగుల వెంట పారుతుంది అన్నది పైకి చిన్న ప్రశ్నగానే తోస్తుంది. కాని దిగువనున్న హైదరాబాదు నగరవాసుల ప్రాణాలు ఆ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి. ఈ సత్యాన్ని అంకెలలో చూపి, నగరాన్ని కాపాడే మార్గాన్ని నిర్దేశించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరైంది. కుటుంబం మైసూరు రాజ్యానికి తరలిపోగా, ఆయన ముద్దెనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న జన్మించారు. తల్లి వెంకటలక్ష్మమ్మ, తండ్రి సంస్కృత పండితులైన శ్రీనివాసశాస్త్రి. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో పేదరికం ఆయనను వెంటాడింది. పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన కొద్దిపాటి ధనంతో బెంగుళూరులో చదువు సాగించారు. 1881లో పట్టభద్రులై, ఆపై పూనాలో ఇంజనీరింగు విద్యను ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు 1903లో అమర్చబడ్డాయి. నీరు నిర్ణీత మట్టాన్ని దాటగానే వాటంతట అవే తెరుచుకొని, మట్టం తగ్గగానే మూసుకొనే ఆ తలుపులు ఆయన ప్రతిభకు నిదర్శనంగా నిలిచాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ మహోగ్రరూపం దాల్చింది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వర్షం కురిసింది. వంతెనలు కూలిపోయాయి, వీధులు ఏరులయ్యాయి. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు తన కొమ్మలపైకి ఎక్కిన నూట యాభై మందిని కాపాడిందని నగరం నేటికీ స్మరించుకొంటుంది. ఆ విషాదం మరల సంభవించకుండా ఉపాయం సూచించమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని కోరింది. అప్పటికే బొంబాయి కొలువు నుండి విరమించుకొని ఐరోపాలో పర్యటిస్తున్న ఆయన, ఆ ఆహ్వానాన్ని మన్నించి 1909లో హైదరాబాదు చేరారు.

నగరంలో నది గట్లను ఎత్తు చేస్తే చాలునని సామాన్యులకు తోచవచ్చు. విశ్వేశ్వరయ్యగారు నగరంతో ఆగలేదు. నదికి నీరు ఎక్కడినుండి వస్తున్నదో, ఎంత వస్తున్నదో ముందుగా తేల్చుకోదలచారు. పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులోని చెరువులు 788. వాటిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయాయి. సగటున చదరపు మైలుకు ఒకటికి కొంచెం తక్కువగా ఉన్న ఈ చెరువులు మామూలు వానను నిలుపుతాయి. పెనువానకు ఒకటి తెగితే దాని నీరు దిగువ చెరువు మీద పడుతుంది. అలా నిన్నటి రక్షకులే నేటి ముప్పుగా మారతాయి.

విశ్వేశ్వరయ్యగారి ముందున్న ఈ సమస్యను మనం తరగతిలో నేర్చిన రేఖీయ సమీకరణంగా వ్రాసుకొనవచ్చు. ఒక చదరపు మైలు నేలపై ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 23 లక్షల 23 వేల ఘనపుటడుగుల నీరవుతుంది. మొత్తం 862 చదరపు మైళ్ళకు అది ఇంచుమించు 200 కోట్ల ఘనపుటడుగులు. కురిసిన వానను అంగుళాలలో వ అనుకొందాం. నేల, చెరువులు నిలుపుకొనే భాగాన్ని ఇ అనుకొందాం. నదిని చేరే నీటిని కోట్ల ఘనపుటడుగులలో న అనుకొందాం. అప్పుడు,

న = 200 × (వ − ఇ)

ఇందులో ప్రతి గుర్తుకూ నేలపై ఒక అర్థం ఉన్నది. 200 అనే వాలు వానను బట్టి వచ్చినది కాదు, పరీవాహక ప్రాంతపు వైశాల్యాన్ని బట్టి వచ్చినది. వ మేఘం చేతిలోనిది. ఇ మాత్రం మనుషుల చేతిలో కూడా ఉన్నది. ఉదాహరణకు 5 అంగుళాల వాన కురిసి 2 అంగుళాలు నిలిస్తే, నదిని చేరేది 600 కోట్ల ఘనపుటడుగులు. అదే వానకు ఒక్క అంగుళమే నిలిస్తే 800 కోట్లు. మేఘం మారలేదు, వరద మారింది. వ విలువ ఇ కంటె తక్కువైనప్పుడు సమీకరణం రుణసంఖ్యను చూపుతుంది. నది రుణనీటిని మోయదు కనుక, అక్కడ దానిని సున్నగా గ్రహించాలి. లెక్క చేయడం కంటె లెక్కకు అర్థం చెప్పడం కష్టమని ఇందువల్ల తెలుస్తుంది.

నది ఇరుకైన చోట కొంత నీరే సురక్షితంగా సాగుతుంది. తక్కినది ఎక్కడో నిలవాలి. నగరానికి ఎగువన, మూసీపైన, దాని ఉపనది ఈసీపైన జలాశయాలు కట్టి వరదను అక్కడ ఆపి, తరువాత మెల్లగా విడిచిపెట్టాలని విశ్వేశ్వరయ్యగారు 1909లో నివేదించారు. ఆ సూచనల ఫలితంగానే 1920 నాటికి గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అవి వరదను ఆపడమే కాక నగర ప్రజల దాహం కూడా తీర్చాయి.

అనంతరం ఆయన మైసూరు రాజ్యంలో చీఫ్ ఇంజనీరుగా చేరి, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట, మైసూరు విశ్వవిద్యాలయం ఆ కృషికి గుర్తులు. 1955లో ప్రభుత్వం భారతరత్న బిరుదంతో ఆయనను గౌరవించింది. శతాధిక వత్సరాలు జీవించి 1962 ఏప్రిలులో కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది.

జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని రక్షించేందుకు 1996లో ప్రభుత్వం 111వ ఉత్తర్వు వెలువరించింది. అందులోని 84 గ్రామాలలో జన్వాడ కూడా ఉన్నది. 2022లో వెలువడిన 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. ఉత్తర్వులు మారవచ్చుగాని సమీకరణం మారదు. పొలం గచ్చునేలయితే, చెరువు పూడిపోతే, ఇ తగ్గుతుంది. ఇ తగ్గితే న పెరుగుతుంది. ఒక అక్షరం వెనుక ఎన్ని చెరువులున్నాయో, ఎన్ని ప్రాణాలున్నాయో గుర్తెరిగి లెక్క వేసినవాడే నిజమైన గణితజ్ఞుడు. విశ్వేశ్వరయ్యగారి జీవితం నేటి విద్యార్థికి అందించే పాఠమిదే.