బెంజమిన్ షుల్జె భాషాసేవ

తెలుగు ముద్రణ చరిత్రలోనూ, ఉర్దూ వ్యాకరణ చరిత్రలోనూ తొలి పుటలలోనే కనిపించే పేరు బెంజమిన్ షుల్జె. మీర్‌పేటలో ఈ రెండు భాషలనూ అభ్యసించే మా విద్యార్థులకు ఆయన జీవితం తెలియవలసినదని మేము తలంచుచున్నాము.

1689లో జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలో జన్మించి, హాలె నగరంలో విద్యనభ్యసించి, 1719లో డేనిష్ వారి తరంగంబాడికి వచ్చారు. ఆ యేడే మరణించిన జీగెన్‌బాల్గ్ తమిళ పాతనిబంధనను రూతు గ్రంథం వరకే తేగలిగారు. మిగిలినది షుల్జె పూర్తిచేశారు. అంతటితో ఆగక అపోక్రిఫా గ్రంథాలను సైతం తమిళంలోకి తెచ్చారు. అవి 1728లో అచ్చయినవి.

ఈ అపోక్రిఫాను గురించి కొంత చెప్పవలెను. తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలైన ఈ గ్రంథాలు ప్రాచీన గ్రీకు బైబిలులో ఉన్నవి, హీబ్రూ బైబిలులో లేవు. తొలినాటి క్రైస్తవులు వాటిని చదివేవారు. నాలుగవ శతాబ్దిలోనే జెరోమ్ పండితుడు వాటిని వేరుగా చూడవలెనన్నారు. లూథర్ 1534 నాటి జర్మన్ బైబిలులో వాటిని ప్రమాణాలుగా గాక, చదువదగినవిగా రెండు నిబంధనల నడుమ ఉంచారు. ఆ సంప్రదాయంలో పెరిగిన షుల్జెకు అవి విడువదగినవిగా తోచలేదు. 1820లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాటి ముద్రణకు ధనమివ్వరాదని నిర్ణయించినది. నేటి తెలుగు ప్రొటెస్టంటు బైబిళ్ళలో అవి కానరాకపోవడానికి అదియొక కారణం.

1726లో షుల్జె మద్రాసు చేరి తెలుగు నేర్చారు. 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం వ్రాశారు. 1732 నాటికి తెలుగు బైబిలు పూర్తిచేశారు. కాని దానిని అచ్చువేయుటకు అప్పుడు మద్రాసులో తెలుగు అక్షరాలెక్కడివి? అంతటి శ్రమా వ్రాతప్రతిగానే మిగిలిపోయినది. తెలుగు సువార్తలు తొలిసారి అచ్చులో వెలువడుటకు 1812 దాక, సెరాంపూరు ముద్రణాలయం దాక ఆగవలసివచ్చినది; అవియు వేరొకరి అనువాదమే.

ఇక ఉర్దూ. మద్రాసు ప్రాంతపు ముసల్మానులు మాట్లాడే దక్కనీని నేర్చి, 1741లో హిందుస్తానీ వ్యాకరణం ముగించారు. ఢిల్లీ నుడిగాక దక్కను నుడి అందులో నిలిచినందున దాని విలువ హెచ్చినదని మా అభిప్రాయం.

1743లో స్వదేశానికి మరలిపోయారు. హాలెలో 1745లో ఆ వ్యాకరణమును, 1746, 1747లలో చిన్న తెలుగు పుస్తకాలను అచ్చువేయించారు. మొదటి తెలుగు అచ్చుపుస్తకాలుగా మన చరిత్రకారులు పేర్కొనేవి అవే. ఆయన శైలి ఇంపైనదని మేమనము. తమిళ బైబిలును అనంతరం ఫాబ్రిషియస్ తిరిగి అనువదించవలసివచ్చినది.

హిందుస్తానీ కొత్తనిబంధన 1758లో వెలువడినది. రెండేండ్లకు, 1760లో షుల్జె హాలెలోనే కన్నుమూశారు. ఆయన తెలుగు వ్యాకరణం మాత్రం 1984లో, వ్రాసిన 256 ఏండ్లకు, ఆ నగరంలోనే అచ్చయినది.