నిఘంటుకారుడు జాన్సను

ఆంగ్లభాష నేర్చుకొను విద్యార్థులలో పలువురు, కఠినపదములను వల్లించినచో ఆ భాష తమకు వశమగునని తలంతురు. పూర్వము ఇంగ్లండు దేశీయులును అట్లే తలంచిరి. 1604లో రాబర్టు కాడ్రీ అను ఉపాధ్యాయుడు ఆంగ్లపదములకు ఆంగ్లముననే అర్థములు తెలుపు పుస్తకమును ప్రకటించెను. అందు కఠినపదములకే చోటు దొరకెను. తరువాతి నిఘంటువులలో చిన్నపదములు చేరినను వాని వివరణము స్వల్పము. కఠినపదములకంటె చిన్నపదములకు అర్థము చెప్పుటయే కష్టమని తన శ్రమచే గ్రహించి లోకమునకు చూపినవాడు శామ్యూల్ జాన్సను.

జాన్సను 1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకవర్తకుడు. శైశవముననే గండమాల వ్యాధి సోకుటచే బాలుని ముఖమున మచ్చలు పడెను, చూపు మందగించెను, ఒక కన్ను దాదాపుగా పనిచేయదాయెను. అయినను తండ్రి అంగడిలోని పుస్తకములను విడువక చదివెడివాడు.

1728లో ఆక్స్‌ఫర్డు నగరమందలి పెంబ్రోక్ కళాశాలలో చేరెను. అచ్చట దారిద్ర్యము వెంటాడెను. చినిగిన పాదరక్షలతో తిరుగుచున్న అతనిని చూచి ఎవరో జాలిపడి, క్రొత్తజోడు తెచ్చి అతని గది వాకిట నుంచిరి. అభిమానధనుడగు జాన్సను దానిని విసరివైచెను. పదమూడు నెలలకే పట్టము లేకయే కళాశాలను వీడవలసివచ్చెను. పిమ్మట ఒక పాఠశాల నెలకొల్పెను గాని విద్యార్థులు చాలినంతమంది చేరలేదు. 1737లో, తన శిష్యుడును ముందు మహానటుడు కాబోవువాడును అగు డేవిడ్ గారిక్‌తో కలసి లండను చేరి, పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనెను.

1746లో లండను పుస్తకవర్తకులు కొందరు ఆంగ్లభాషకు ఒక మహానిఘంటువు రచింపుమని కోరి, 1,575 పౌండ్ల పారితోషికము నిర్ణయించిరి. మూడేండ్లలో ముగింతునని జాన్సను పలికెను. ఫ్రాన్సు దేశమున ఇట్టి నిఘంటువునకై 1635లో ఒక పండితసభ ఏర్పడగా, దాని గ్రంథము 1694లో గాని వెలువడలేదు. ఇచ్చట జాన్సను ఒక్కడు. ప్రతులు వ్రాయుటకు ఆరుగురు సహాయకులు.

లండనులోని గఫ్ స్క్వేర్ అను చోట, తన యింటి పై అంతస్తున ఈ పని సాగెను. జాన్సను ఉత్తమగ్రంథములను చదువుచు, తగిన పదము కనబడినచోట క్రింద గీత గీచి, దాని మొదటి అక్షరమును అంచున వ్రాసెడివాడు. సహాయకులు ఆ వాక్యములను చీటీలపై ఎక్కించి అక్షరక్రమమున అమర్చెడివారు. పదమునకు అర్థము ఊహవలన గాక, ప్రయోగమువలన తేలవలెనని అతని పద్ధతి.

పని సాగినకొలది చిన్నపదముల లోతు తెలియవచ్చెను. మన భాషలో 'పట్టు' అను మాట చూడుడు: చేయి పట్టుట, తుప్పు పట్టుట, నిద్ర పట్టుట, నెలదినములు పట్టుట. మాట ఒక్కటే, అర్థములు వేరు. ఆంగ్లమున 'టేక్' అను చిన్నపదము అట్టిది. దానికి జాన్సను 130కి పైగా అర్థములు వివరించెను.

మూడేండ్లు గడచెను, పని తీరలేదు. 1752లో భార్య ఎలిజబెత్ మరణించెను. జాన్సను దుఃఖమున క్రుంగిపోయెను గాని పనిని విడువలేదు. ప్రారంభమున అంతగా పట్టించుకొనని చెస్టర్‌ఫీల్డు ప్రభువు, గ్రంథము ముగియునప్పుడు పత్రికలో ప్రశంసలు వ్రాసెను. అవసరకాలమున రాని ఆదరము ఇప్పుడక్కరలేదని జాన్సను లేఖ వ్రాసి తెలిపెను.

తుదకు 1755వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన, తొమ్మిదేండ్ల శ్రమ ఫలించి, నిఘంటువు రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. అందు 42,773 పదములును, లక్షకు మించిన ఉదాహరణవాక్యములును గలవు. ఇంత గ్రంథమున పొరపాటులును లేకపోలేదు. గుఱ్ఱపు కాలిలో గిట్టకు పైనున్న భాగమును తెలుపు పదమునకు అతడు మోకాలు అని అర్థము వ్రాసెను. కారణమేమని ఒక స్త్రీ ప్రశ్నింపగా, తన అజ్ఞానమే కారణమని సంకోచింపక ఒప్పుకొనెను.

కీర్తి వచ్చినను కలిమి రాలేదు. పారితోషికము అప్పటికే వ్యయమైపోయెను. 1756లో ఆరు పౌండ్లకు లోపడిన అప్పునకై జాన్సను నిర్బంధింపబడగా, నవలాకారుడు శామ్యూల్ రిచర్డ్‌సన్ ధనమిచ్చి విడిపించెను. 1762లో మూడవ జార్జి రాజు ఏటికి 300 పౌండ్ల భరణము నొసగిన పిమ్మట గాని ఆ ఇబ్బంది తీరలేదు. 1784వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన జాన్సను కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో అతనిని సమాధిచేసిరి. ఆ నిఘంటువు పుట్టిన ఇల్లు నేటికిని లండనులో నిలిచియున్నది.

బాలబాలికలారా! పదమునకు ప్రక్కన అర్థము వ్రాసికొని వల్లించినంతమాత్రమున పదము మనది కాదు. అది ఏ వాక్యమున, ఏ సందర్భమున వచ్చెనో గుర్తింపవలెను. మంచి గ్రంథమును చదువునప్పుడు క్రొత్తపదము క్రింద గీత గీచి, ఆ వాక్యమునంతయు వ్రాసికొనుడు. చూపు చాలని జాన్సను తొమ్మిదేండ్లు చేసిన పని అదియే.