మాంచెస్టర్ యునైటెడ్: తప్పిపోయిన కుక్క.. దివాలా తీసిన క్లబ్.. ఆదుకున్న బీర్ల వ్యాపారి

ఇప్పుడు ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఫుట్‌బాల్ క్లబ్‌లలో మాంచెస్టర్ యునైటెడ్ ఒకటి. కానీ 1902 జనవరిలో దాని పరిస్థితి వేరు. అప్పుడు ఆ పేరు కూడా లేదు. రైల్వే బోగీల షెడ్డులో పనిచేసే కార్మికులు 1878లో పెట్టుకున్న ఆ జట్టు పేరు న్యూటన్ హీత్. అప్పు 2,670 పౌండ్లు. ఇవాళ ఆ మొత్తం ఒక స్టార్ ప్లేయర్ గంట సంపాదనకు కూడా సరిపోదేమో! కానీ అప్పట్లో క్లబ్‌ను మూసేయాలని కోర్టు ఆదేశాలివ్వడానికి అది చాలు. కోర్టుకెక్కింది కూడా బయటివాడు కాదు, తనకు 240 పౌండ్లకు పైగా రావాలంటూ క్లబ్ ప్రెసిడెంటే పిటిషన్ వేశాడు.

సరిగ్గా ఇక్కడే సీన్‌లోకి వచ్చాడు జాన్ హెన్రీ డేవిస్. మాంచెస్టర్‌లో బీరు కంపెనీల అధిపతి. బాగా డబ్బున్నవాడు. మరి ఫుట్‌బాల్‌కు ఆయనకు లింక్ ఎలా కుదిరింది? ఓ కుక్క వల్ల అంటారు. 1901లో నిధుల కోసం న్యూటన్ హీత్ ఓ సంత పెట్టింది. కెప్టెన్ హ్యారీ స్టాఫోర్డ్ తన సెయింట్ బెర్నార్డ్ కుక్క మేజర్‌ను అక్కడికి తీసుకెళ్లాడు. అది కాస్తా తప్పిపోయింది. తిరిగి తిరిగి డేవిస్ దగ్గరికి చేరింది. డేవిస్ కూతురికి అది తెగ నచ్చేసింది. అలా కుక్క కోసం మొదలైన పరిచయం క్లబ్ కష్టాల దాకా వెళ్లింది. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కానీ, డబ్బు సంగతి మాత్రం పక్కా. కోర్టు ఆదేశాల తర్వాత డేవిస్‌తో సహా నలుగురు వ్యాపారులు తలా 500 పౌండ్లు పెడతారని మీటింగ్‌లో చెప్పింది స్టాఫోర్డే.

డబ్బు పెట్టినవాడు ఊరికే కూర్చోడు కదా. 1902 ఏప్రిల్‌లో పేరు మారింది. మాంచెస్టర్ సెంట్రల్, మాంచెస్టర్ సెల్టిక్ లాంటి పేర్లు కూడా పరిశీలించి, చివరకు మాంచెస్టర్ యునైటెడ్‌ను ఖాయం చేశారు. జెర్సీ రంగులు కూడా మారి ఎరుపు, తెలుపు వచ్చాయి. (వందేళ్ల తర్వాత గ్లేజర్ కుటుంబం క్లబ్‌ను కొని, ఆ కొనుగోలు అప్పును క్లబ్ నెత్తినే పెట్టినప్పుడు, 2010లో ఫ్యాన్స్ నిరసనగా మెడలో వేసుకున్నవి న్యూటన్ హీత్ కాలం నాటి పాత ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫులే.)

1903లో ఎర్నెస్ట్ మాంగ్నాల్ సెక్రటరీగా వచ్చాడు. ఇప్పటి మేనేజర్ లాంటి పోస్ట్ అన్నమాట. డేవిస్ డబ్బు, మాంగ్నాల్ బుర్ర.. కాంబినేషన్ వర్కవుట్ అయింది. 1906లో టాప్ డివిజన్‌కు ప్రమోషన్ దొరికింది. అదృష్టం కూడా కలిసొచ్చింది. ప్లేయర్‌కు వారానికి 4 పౌండ్లు మించి జీతం ఇవ్వకూడదని అప్పట్లో రూల్. దాన్ని తుంగలో తొక్కి చాటుగా డబ్బులిచ్చారని పక్కనే ఉన్న మాంచెస్టర్ సిటీపై వేటు పడింది. 17 మంది ఆటగాళ్లు మళ్లీ సిటీకి ఆడకుండా నిషేధం. వాళ్లను వేలానికి పెట్టకముందే బిల్లీ మెరెడిత్ సహా నలుగురిని యునైటెడ్ ఎగరేసుకుపోయింది. 1908లో లీగ్ టైటిల్, 1909లో ఎఫ్ఏ కప్, 1911లో మళ్లీ లీగ్ టైటిల్.. ఇంకేం కావాలి?

డేవిస్ అంతటితో ఆగలేదు. అప్పటి గ్రౌండ్ బ్యాంక్ స్ట్రీట్ కెమికల్ ఫ్యాక్టరీల పక్కన ఉండేది, పొగ సరాసరి ఆటగాళ్ల ముక్కుల్లోకే. ఇలా కాదని కొత్త స్టేడియం కోసం 60 వేల పౌండ్లు తీశాడు. క్లబ్‌ను ముంచిన అప్పుకు ఇది ఇరవై రెట్ల పైమాటే! 1910 ఫిబ్రవరి 19న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో తొలి మ్యాచ్. లివర్‌పూల్ చేతిలో 3-4తో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. అదే నెలలో పాత గ్రౌండ్‌లోని స్టాండ్ ఒకటి తుపాను గాలికి కూలిపోయింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. స్టేడియం స్థలం కొన్నది క్లబ్ కాదు, బీరు కంపెనీ. క్లబ్ లీజుకు తీసుకుంది. అంటే ఆట నుంచి వచ్చే ఆదాయం మీద కాదు, ఓ పెద్దాయన జేబు మీద క్లబ్ నడిచింది. 1912లో మాంగ్నాల్ సిటీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత డేవిస్ బతికుండగా మరో టైటిల్ రాలేదు.

1927 అక్టోబర్‌లో డేవిస్ కన్నుమూశాడు. ఆ జేబు మూతపడింది. 1930-31 సీజన్‌లో వరుసగా తొలి 12 లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయారు. మొత్తం 115 గోల్స్ ఇచ్చుకుని, అట్టడుగు స్థానంతో కింది డివిజన్‌కు జారిపోయారు. 1931 డిసెంబర్‌లో బ్యాంక్ చేతులెత్తేసింది. క్రిస్మస్ ముందు ప్లేయర్లకు జీతాలివ్వడానికి చిల్లిగవ్వ లేదు. మళ్లీ దివాలా అంచుకు వచ్చిన క్లబ్‌కు అప్పుడు 2,000 పౌండ్లు ఇచ్చి నిలబెట్టింది కూడా ఇంకో వ్యాపారే.. పేరు జేమ్స్ గిబ్సన్.