అల్లెఘేనీ కొండల నుంచి పల్నాడు దాకా: ఫాదర్ హయ్యర్ జీవితం



గుంటూరు, పల్నాడు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ కుటుంబాల నుంచి వచ్చినవారికి ఫాదర్ హయ్యర్ పేరు కొత్త కాదు. 1842లో గుంటూరు వచ్చిన మొదటి అమెరికన్ లూథరన్ మిషనరీ ఆయనేనని సండే స్కూల్లోనే విన్నాం. అయితే గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఆయన వయసు 49 ఏళ్లు. అప్పటికే పాతికేళ్ల పరిచర్య ఆయన వెనుక ఉంది. అందులో చాలా భాగం కొండల్లోని చిన్న ఊళ్లలో, అక్కడక్కడా విసిరేసినట్టున్న కొద్ది కుటుంబాలను సంఘంగా కూర్చడంలో గడిచింది. ఆ కథ మనలో చాలామందికి తెలియదు. ఆ కొండలు మన హామిల్టన్‌కు కారులో ఆరు గంటల దూరంలోనే ఉన్నాయి.

వలస వచ్చిన కుర్రవాడు

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టారు. అది నెపోలియన్ యుద్ధాల కాలం. కొడుకు సైన్యం పాలు కాకూడదని తల్లిదండ్రులు 1807లో ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, మేనమామ దగ్గరకు పంపేశారు. మేనమామది బొచ్చుతోళ్ల, టోపీల వ్యాపారం. పద్నాలుగేళ్ల పిల్లవాడు, పరాయి దేశం, రాని భాష. కొత్త దేశంలో మొదటి చలికాలం గడిపినవారికి ఆ ఒంటరితనం వేరే చెప్పనక్కరలేదు.

ఫిలడెల్ఫియాలోని జర్మన్ లూథరన్ సంఘమే ఆయనను అక్కున చేర్చుకుంది. అక్కడి పాస్టర్ల దగ్గర వేదాంతం నేర్చుకున్నారు, కొంతకాలం బడి పంతులుగా పనిచేశారు. 1815లో జర్మనీ వెళ్లి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చదివారు. తిరిగి వచ్చాక 1817లో పెన్సిల్వేనియా లూథరన్ మినిస్టీరియం ఆయనకు వాక్యపరిచర్యకు అనుమతి ఇచ్చింది. ఇరవై నాలుగేళ్ల ఆ యువకుడిని పంపింది పెద్ద పట్టణానికి కాదు, ఆ రాష్ట్రపు వాయవ్య మూలకు, క్రాఫర్డ్, ఈరీ కౌంటీలకు.

గుర్రం మీద సంఘం

మనం హామిల్టన్ నుంచి బఫెలో మీదుగా పిట్స్‌బర్గ్ వెళ్తుంటే ఈరీ దాటాక మీడ్‌విల్ అనే ఊరి బోర్డు కనిపిస్తుంది. హయ్యర్ గారి మొదటి పొలం అదే. అప్పుడు అక్కడ అడవి నరికి, దుంగలతో ఇళ్లు కట్టుకున్న జర్మన్ రైతులు ఉండేవారు. ఒక ఇంటికీ మరో ఇంటికీ మైళ్ల దూరం. పిల్లలు బాప్తిస్మం లేకుండా పెరుగుతున్నారు, పెద్దలు బల్లారాధన చూసి ఏళ్లు గడిచాయి. పాస్టరు గుర్రమెక్కి ఒక్కో ఇంటికీ వెళ్లి, ఇరుగుపొరుగులను ఒక చోటికి పిలిచి, ఆ వంటగదిలోనో కొట్టంలోనో ఆరాధన జరిపించాలి.

1818లో ఆయన మేరీలాండ్‌లోని కంబర్లాండ్‌కు వెళ్లారు. అది అల్లెఘేనీ కొండల మధ్య ఇరుకైన లోయలో ఉన్న ఊరు. పడమర ప్రాంతాలకు ప్రభుత్వం వేయించిన నేషనల్ రోడ్డు అక్కడే మొదలయ్యేది. 1819లో మేరీ వెబ్ గాష్ అనే వితంతువును పెళ్లాడి, ఆమె ఇద్దరు పిల్లలకూ తండ్రి అయ్యారు. మరుసటి ఏడు ఆయనకు అభిషేకం జరిగింది. 1824లో కొండలు దాటి పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్‌కు మారారు. ఇది సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు. మన హామిల్టన్‌లో మౌంటెన్ అని పిలుచుకునేది వంద మీటర్ల గట్టు. దాన్ని ఎక్కడానికే మంచు రోజుల్లో మనం వెనకాడతాం. ఆయన సోమర్‌సెట్ చుట్టుపక్కల పల్లెలను చలికాలంలోనూ గుర్రం మీదే చుట్టి వచ్చేవారు. ఇంట్లో పిల్లలతో, పొయ్యితో, ఎదురుచూపుతో మిగిలింది మేరీ గారు. ఆయన పరిచర్యలో ఆమె భాగాన్ని చరిత్ర పుస్తకాలు ఒకటి రెండు వాక్యాల్లో ముగించేస్తాయి. చిన్న సంఘాలను నడిపే పాస్టర్ల భార్యలను ఎరిగిన మనం అలా ముగించకూడదు.

రెండు భాషల సమస్య

ఆ కొండ సంఘాలన్నిటిలో ఒక పెద్ద తగువు ఉండేది. తల్లిదండ్రులకు జర్మన్‌లోనే ప్రార్థన చేసినట్టు ఉండేది. పిల్లలకు ఇంగ్లీషే అర్థమయ్యేది. జర్మన్ పోతే విశ్వాసమే పోతుందని పెద్దల భయం. జర్మన్ ఆరాధనలో పిల్లలు కూర్చోలేక మెల్లగా వేరే సంఘాలకు జారిపోయేవారు. ఈ మాటలు చదువుతుంటే మనకు మన ఆదివారాలే గుర్తొస్తాయి.

హయ్యర్ గారు ఆ తగువులో ఒక పక్షం పట్టలేదు. రెండు భాషల్లోనూ పరిచర్య చేశారు. 1837లో పిట్స్‌బర్గ్‌లో ఇంగ్లీషు మాట్లాడేవారికి ఒక సంఘాన్నీ, జర్మన్ మాట్లాడేవారికి ఒక సంఘాన్నీ స్థాపించారు. తాతలను బాధపెట్టకుండా మనవలను పోగొట్టుకోకుండా ఉండడానికి ఆయనకు తోచిన దారి అది. దానికోసం ఆయన పని రెట్టింపయింది. ఆ శ్రమను ఆయనే మోశారు.

గుంటూరు పిలుపు

1839లో మేరీ గారు కన్నుమూశారు. ఆమెను సోమర్‌సెట్ కౌంటీలోని ఫ్రీడెన్స్ అనే పల్లెలో సమాధి చేశారు. అప్పటికి పిల్లలు ఎదిగారు. తోటివారు విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన భారతదేశానికి వెళ్తానన్నారు. మొదట పంపదలచిన సంస్థ మరో సంఘశాఖ వారి మిషన్ బోర్డు కింద పనిచేయాలని ఏర్పాటు చేసింది. అది ఆయనకు నచ్చక తప్పుకున్నారు. అప్పుడు ఆయనను ఎరిగిన పెన్సిల్వేనియా మినిస్టీరియమే పంపడానికి ముందుకొచ్చింది. 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. కొలంబో, మద్రాసుల మీదుగా 1842 జూలై 31న గుంటూరు చేరారు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ తన జిల్లాకు ఒక మిషనరీ రావాలని ఎంతోకాలంగా కోరుకుంటున్న విశ్వాసి. ఆయన హయ్యర్ గారిని ఆదరించి, పని మొదలుపెట్టడానికి అండగా నిలిచారు.

యాభై ఏళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దడం ఎంత కష్టమో ఊహించండి. అయినా భాష వచ్చేదాకా ఆగలేదు. బడులు తెరిచారు, వాటిలో ఆడపిల్లల బడి కూడా ఉంది. మైళ్ల కొద్దీ తిరిగి కొద్దిమందిని ఒక చోట కూర్చోబెట్టడం ఆయనకు అల్లెఘేనీలోనే అలవాటైన పని. గుంటూరులో పద్ధతి అదే, భాష ఒక్కటే మారింది.

ఆరోగ్యం దెబ్బతిని కొన్నేళ్లకే అమెరికా తిరిగి వెళ్లారు. అక్కడా ఊరికే కూర్చోలేదు. జ్వరాలతో జనం ఎలా రాలిపోతున్నారో కళ్లారా చూసిన మనిషి కనుక బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1847లో డాక్టరు పట్టా పుచ్చుకుని 1848లో మళ్లీ గుంటూరు వచ్చారు. మరుసటి ఏడు పల్నాడు వెళ్లి గురజాలలో మకాం పెట్టారు.

నాగార్జునసాగర్ కాలువలు చూసి పెరిగినవారికి ఆనాటి పల్నాడు ఊహకు అందదు. నల్లమల కొండల అంచున నాపరాతి నేల, తాగునీటికీ కటకట, ఏటా మలేరియా. అధికారులే వెళ్లడానికి ఇష్టపడని సీమ. ఆ ఊళ్ల దళితపేటల్లో, గుడి మెట్లు ఎక్కనివ్వని, ఊరి బావిలో చేద వేయనివ్వని కుటుంబాలు ఆయన బోధ విన్నాయి, ఆయన ఇచ్చిన మందు తాగాయి, బాప్తిస్మం పొందాయి. గుంటూరు పట్టణంలో ఏళ్ల తరబడి రాని ఫలం పల్నాటి పల్లెల్లో కనిపించింది. ఈనాటి పల్నాడు లూథరన్ సంఘాల వేళ్లు అక్కడే ఉన్నాయి.

అరవై నాలుగులో మళ్లీ మొదలు

1857లో ఆయన భారతదేశం విడిచి వెళ్లారు. వయసు 64. కుర్చీలో కూర్చుని జ్ఞాపకాలు రాసుకోవచ్చు. ఆయన మిన్నెసోటా వెళ్లారు. అది అప్పటికి ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. సెయింట్ పాల్‌లోనూ చుట్టుపక్కల కొత్త ఊళ్లలోనూ జర్మన్ వలస కుటుంబాలను పోగుచేశారు. 1860లో మిన్నెసోటా సినడ్ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు ఆయనే. పాతికేళ్ల వయసులో మీడ్‌విల్‌లో చేసిన పనినే నలభై ఏళ్ల తర్వాత అంతే ఓపికగా చేశారు.

ఇంతలో అమెరికా అంతర్యుద్ధం వల్ల మిషన్‌కు డబ్బూ మనుషులూ కరువయ్యారు. సంఘంలో చీలికలు వచ్చాయి. 1869లో రాజమండ్రి, సామర్లకోట పరిచర్యను చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించేద్దామని నిర్ణయం కాబోయింది. హయ్యర్ గారు ఆ వార్త విని తట్టుకోలేకపోయారు. రెడింగ్ పట్టణంలో జరిగిన మినిస్టీరియం సభకు వెళ్లి, పొలం వదలవద్దని వాదించి, ఎవరూ దొరక్కపోతే తానే వెళ్తానని నిలబడ్డారు. చేతిసంచీ పట్టుకుని ప్రయాణానికి సిద్ధంగా నిలుచున్నారని తరతరాలుగా చెప్పుకుంటారు. 76 ఏళ్ల ముసలాయన ఆ ఏడాది చివరికి రాజమండ్రిలో ఉన్నారు.

అక్కడ ఉన్నది సుమారు ఏడాది మాత్రమే. ఆ కాలంలో సంఘాలను నిలబెట్టి, తర్వాత వచ్చిన యువ మిషనరీలకు పని అప్పగించి 1871లో వెళ్లిపోయారు. 1878లో ఆ రాజమండ్రి పొలంలోనే తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుస్ అనే తెలుగు సేవకులు పాస్టర్లుగా అభిషేకం పొందారు. గుంటూరు, రాజమండ్రి సంఘాలు కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఇవేవీ చూడకుండానే హయ్యర్ గారు 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన దేహాన్ని ఫ్రీడెన్స్ తీసుకువెళ్లి మేరీ గారి పక్కన ఉంచారు. రెండు ఖండాల్లో సంఘాలు కట్టిన మనిషి సమాధి ఆ చిన్న కొండపల్లెలోనే ఉంది.

మన ముందున్న ప్రశ్న

ఈ జీవితం మనల్ని ఏమి అడుగుతోంది? మనలో చాలామందికి సంఘమంటే ఒక సంఖ్య కావాలి. ముప్పై కుటుంబాలైనా ఉండాలి, సొంత హాలు ఉండాలి, వాయిద్యాలు ఉండాలి, ఆ తర్వాతే సంఘం అనుకుంటాం. హయ్యర్ గారు మూడు ఇళ్లతో మొదలుపెట్టేవారు. వంటగదిలో బల్లారాధన జరిగినా అది సంపూర్ణమైన సంఘమేనని నమ్మి అంత శ్రద్ధగానూ చేసేవారు.

కెనడా ప్రభుత్వం 2019లో చిన్న ఊళ్లకు వలసదారులను రప్పించే పథకం పెట్టినప్పుడు బ్రిటిష్ కొలంబియా కొండల్లోని నెల్సన్, కాసిల్‌గార్, ట్రెయిల్ వంటి ఊళ్లు అందులో ఉన్నాయి. చదువు కోసమో, పర్మనెంట్ రెసిడెన్సీ కోసమో మన పిల్లలు రేపు అలాంటి చోటికి వెళ్లవచ్చు. అక్కడ తెలుగు సంఘం ఉండదు. ఇంకో తెలుగు కుటుంబం ఉంటే ఉండవచ్చు. వాళ్లకు వీడ్కోలు చెప్పేటప్పుడు టొరంటోకో హామిల్టన్‌కో తిరిగి వచ్చేదాకా ఆన్‌లైన్‌లో చూస్తూ ఉండమంటామా, లేక ఆ ఊళ్లో ఉన్న ఇద్దరు ముగ్గురితో, తెలుగువారు కాకపోయినా సరే, మీ ఇంట్లోనే మొదలుపెట్టమని ప్రార్థించి పంపుతామా?

మరో మాట. ఉద్యోగాల్లో మనం ప్రాజెక్టు వదిలేటప్పుడు పని తర్వాతివారికి నేర్పి అప్పగిస్తాం. సంఘంలో మాత్రం పదిహేనేళ్లుగా అవే చేతులు అదే పని చేస్తుంటాయి. ఇంగ్లీషులో ప్రార్థించే మన పిల్లలకు సండే స్కూలో, ఆరాధనలో ఒక భాగమో అప్పగించడానికి జంకుతాం. హయ్యర్ గారు ఎక్కడా తన పేరుతో కుర్చీ వేసుకోలేదు. నాటారు, అప్పగించారు, వెళ్లారు. నీళ్లు పోసినవారు వేరేవారు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు.

ఈ నెల గృహ ప్రార్థన కూడికల్లో రెండు అంశాలు పెట్టుకుందాం. మన సంఘం నుంచి దూరపు చిన్న ఊళ్లకు వెళ్లిన కుటుంబాలను పేరుపేరునా జ్ఞాపకం చేసుకుని ఫోన్ చేద్దాం. మన దగ్గరున్న ఒక బాధ్యతను ఈ ఏడాదిలోనే ఒక యువకుడికో యువతికో నేర్పి అప్పగిద్దాం. ఫాదర్ హయ్యర్‌ను పంపిన ప్రభువు మనల్నీ వాడుకొనును గాక. ఆమేన్.