పసుపుపచ్చ బూట్ల ఆటగాడు

పిల్లలూ! మీరు ఫుట్‌బాల్ ఆట చూచే ఉంటారు. ఆటగాళ్ల చొక్కాల వెనుక అంకెలు ఉంటాయి కదా! గోల్ కొట్టింది ఎవరో ఆ అంకెను చూచి దూరం నుండే చెప్పగలం. పూర్వం ఆ అంకెలు లేవు. అవి ఉంటే బాగుంటుందని తలచిన వారిలో హెర్బర్ట్ చాప్‌మన్ ఒకరు.

ఆయన 1878లో ఇంగ్లండులోని కివెటన్ పార్క్ అనే ఊరిలో పుట్టారు. తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవారు. చాప్‌మన్ గనుల ఇంజనీరింగు చదివారు. ఆట మాత్రం మానలేదు. ఎన్నో జట్లలో ఆడారు. నిజం చెప్పాలంటే ఆయన అంత గొప్ప ఆటగాడు కాదు. కాని ఆయన బూట్లు అందరికీ తెలుసు! అవి పసుపుపచ్చనివి. ఎందుకో తెలుసా? తోటి ఆటగాళ్లు తనను వెంటనే గుర్తుపట్టి బంతి అందించాలని.

1907లో ఆయన నార్తాంప్టన్ జట్టుకు మేనేజరు అయ్యారు. 1912లో లీడ్స్ సిటీ జట్టుకు వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన ఆయుధాల కర్మాగారంలో పనికి చేరారు. ఆ కాలంలో లీడ్స్ సిటీ వారు నియమాలు తప్పి ఆటగాళ్లకు డబ్బు ఇచ్చారని తరువాత ఆరోపణ వచ్చింది. వారు లెక్కలు చూపలేదు. 1919లో ఆ జట్టును లీగు నుండి తీసివేశారు. చాప్‌మన్ కూడా ఫుట్‌బాల్‌లో పనిచేయరాదన్నారు. పాపం, ఎంత బాధపడి ఉంటారో! అప్పుడు తాను కర్మాగారంలో ఉన్నానని ఆయన విన్నవించుకొన్నారు. చివరకు నిషేధం తొలగించారు.

1921లో హడర్స్‌ఫీల్డ్ జట్టు ఆయనను పిలిచింది. ఆ జట్టు 1924లో, 1925లో లీగు గెలిచింది.

తరువాత ఆయన లండనులోని అర్సెనల్‌కు వచ్చారు. మన మారిషస్‌లో కూడా ఈ జట్టును అభిమానించే వారు ఎందరో ఉన్నారు. వచ్చిన ఏడే న్యూకాజిల్ జట్టు అర్సెనల్‌పై 7 గోల్స్ కొట్టింది. అర్సెనల్‌కు ఒక్కటీ రాలేదు. మధ్య ఆటగాడు వెనుకకు వచ్చి గోల్‌ను కాపాడాలని చార్లీ బుకన్ అనే ఆటగాడు సలహా చెప్పాడు. మేనేజరును నేనే కదా అని చాప్‌మన్ అనుకోలేదు. ఆ మాట విన్నారు. అర్సెనల్ 1930లో కప్పును, 1931లో, 1933లో లీగును గెలిచింది. 1932లో మైదానం దగ్గరి భూగర్భ రైలు స్టేషనుకు అర్సెనల్ అని పేరు మార్పించింది కూడా ఆయనే.

1928లో ఆయన తన ఆటగాళ్లకు అంకెల చొక్కాలు తొడిగించారు. పెద్దలు వద్దన్నారు. రాత్రిపూట ఆడటానికి మైదానంలో విద్యుద్దీపాలు పెట్టించారు. పోటీలకు అవీ వద్దన్నారు.

1934 జనవరిలో ఆయనకు జలుబు చేసింది. వైద్యుడు ఇంట్లో ఉండమన్నారు. అయినా చలిలో గిల్డ్‌ఫర్డ్‌కు వెళ్లారు. పెద్ద ఆటగాళ్లను చూడటానికి కాదు, అర్సెనల్ మూడవ జట్టు ఆట చూడటానికి! జలుబు న్యుమోనియాగా మారింది. జనవరి 6న ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏళ్లు.

చొక్కాలపై అంకెలు ఉండాలని లీగు 1939లో నియమం పెట్టింది. అర్సెనల్ మైదానంలో దీపాల వెలుగులో మొదటి మ్యాచ్ 1951లో జరిగింది.